కర్త యెవరు?

గ్రామాభ్యుదయమును గూర్చి మన భాషలో వెలువడు వ్రాతలను పరీక్షించుటకు వ్యాకరణమే చాలును. పాణిని కర్తను స్వతంత్రునిగా నిర్వచించెను. దానమును పొందువానిది సంప్రదానమని వేరొక స్థానము. 'ప్రభుత్వము చెరువును బాగుచేయించెను', 'లబ్ధిదారులకు ఋణములు పంచిరి' అను వాక్యములలో గ్రామస్థుడు కర్త కాడు; చేయిచాచి నిలుచువాడు మాత్రమే. ఇట్టి వాక్యములనే నిత్యము చదువు జనులకు, తమ ఊరి పని తాము చేసికొనవలెనను తలంపు ఎట్లు పుట్టును?

ఇందుకు భిన్నమైన రచన యొకటి కలదు. 1990 దశకారంభమున నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతోద్యమమున, వయోజనుల వాచకములో సీతమ్మకథ యను పాఠము చేర్చబడెను. ఒక పల్లెలోని స్త్రీలు ఏకమై సారాదుకాణమును మూయించుటయే దాని వృత్తాంతము. కథగా చూచినచో అది సామాన్యమే. పాత్రలకు పోషణము లేదు. నీతి పైకి తేలియున్నది. కాని అందు ప్రతి కార్యమునకు స్త్రీలే కర్తలు. వారిని ఉద్ధరించుటకు అధికారి గాని, పట్నమునుండి దిగివచ్చిన సంస్కర్త గాని లేడు.

సారా నాడు సర్కారుకు పెద్ద ఆదాయము. 1980 దశకమున దానిని పొట్లములలో పల్లెలకు చేర్చిన పథకమునకు 'వారుణివాహిని' యని పేరిడిరి. కూలి డబ్బు ఇల్లు చేరనీయని వ్యాపారమునకు ఎంత మధురమైన సమాసము! సంస్కృతము చదివినవారు సిగ్గుపడవలసిన ప్రయోగమిది.

ఆ పాఠమును చదివిన దూబగుంట స్త్రీలు, వర్ధినేని రోశమ్మ మొదలగువారి నాయకత్వమున, 1992 నాటికి తమ ఊరిలో సారాను ఆపిరి. ఉద్యమము జిల్లా యంతట వ్యాపించి వేలములను అడ్డగించెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. ఇంతటి కార్యము ఒక పాఠమువలన జరిగెనా యని కొందరు శంకింతురు. ఆ శంక న్యాయమే. దుఃఖమును పాఠము పుట్టింపలేదు. అది ప్రతి యింట ముందే యుండెను. ఎవరి కడుపులో వారు దాచుకొన్న ఆ దుఃఖము ఊరందరిదని పాఠము చూపెను. అంతకుమించి సాహిత్యము చేయదగినదేమి?

1997 ఏప్రిలులో మద్యనిషేధము సడలెను. సారా నిషేధము మాత్రము నిలిచెను. స్త్రీలు సాధించినదానిని మార్చునపుడు వారి సమ్మతి యెవరికిని అవసరముగా తోచలేదు. వింత యేమనగా, ఆ సంవత్సరమే నీటిపారుదల వ్యవస్థలను రైతులే నిర్వహించుకొనుటకు శాసనము వెలువడెను. కుసుమంచి ప్రాంతమువారికి ఇది దూరపు ముచ్చట కాదు. ఇచటి పాలేరు జలాశయము నాగార్జునసాగరు ఎడమకాలువపై నున్నది. కాకతీయులనాటి గణపేశ్వరాలయమును చూడవచ్చినవారు ఆ నీటితో పండు పొలములనుగూడ చూచి పోవుచుందురు.

ఈ శాసనమును సాహిత్య విమర్శకుని కన్నుతో చదువుడు. నీటి వాడకందారుల సంఘములు కాలువలను మరమ్మతు చేసికొనవలెను, వంతులు వేసికొనవలెను, పన్ను వసూలునకు సాయపడవలెను. క్రియలన్నియు రైతులవే, మెచ్చుకొనదగినదే. కాని నీటితీరువా నిర్ణయించుట యను క్రియకు కర్త ప్రభుత్వమే. ఇక ఓటు భూమి తన పేర నున్నవానికి, లేదా దస్తావేజులకెక్కిన కౌలుదారునికి. మోకాలిలోతు బురదలో నాట్లు వేయు స్త్రీకి పట్టా లేకున్న ఆ వాక్యమున చోటే లేదు. కాలువ నీరు రానినాడు కూలి పోగొట్టుకొనునది ఆమెయే కదా!

శాసనము వలదని నా వాదము కాదు. శాసనము లేని ఉత్సాహము ఎంతకాలము నిలుచునో 1997 మనకు నేర్పెను. కాని జనులు ముందు తమ వాక్యమునకు తాము కర్తలు కానిదే శాసనము వారిచేతికి అధికారమును కాక చాకిరినే ఇచ్చును. కావున పల్లెలకొరకు వ్రాయువారు, వ్రాసినదానిని అచ్చునకు పంపక మునుపు, దానిలోని క్రియలను లెక్కించి చూచుకొందురు గాక. చదువరులైన గృహస్థులును తమ గుమ్మములోనే యీ పరీక్ష చేయవచ్చును. ఇంటిలో పనిచేయు స్త్రీకి ఆ వ్రాతను చదివి వినిపించి, ఇందు నీవు చేయు పని యేది యని యడుగుడు. ఆమె తడుముకొనినచో లోపము ఆమె తెలివిది కాదు, వ్రాసినవానిది.