తోడికోడలు నవ్వినందుకు

మొన్న ఆఫీసులో మా రిలీజ్ వాయిదా పడింది. పక్క టీమ్ వాళ్లు ముసిముసిగా నవ్వుతుంటే నేనో సామెత వేశాను: మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. అందరూ నవ్వారు. ఎదురు సీట్లో అమ్మాయి మాత్రం "మరి కొట్టినాయన ఏమయ్యిండు?" అంది.

ఆ రాత్రి సామెతను పద్యం చదివినట్టు మాట మాటకూ ఆగి చదువుకున్నా. దెబ్బల సంగతి 'కాదు' అన్న ఒక్క మాటతో తేలిపోయింది. వాన కురిసినట్టు, అదో మామూలు సంగతి. కథంతా చూసినవాళ్ల నవ్వు చుట్టూనే. ఆమెకు పేరు లేదు. కొట్టినవాడు మొదటి సగంలోనే జారుకున్నాడు.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ పేరు కూడా సగం సామెతే. ఇల్లు అలుకుతూ తన పేరే మర్చిపోయిన గృహిణి కథ. ఆ సామెతను ఆవిడ ఎంత సులువుగా తిరగేశారో! నాకు చాలా ఇష్టం. కానీ అందులోని బాధ దెబ్బలది కాదు. మనలాంటి పాఠకులం అంత హాయిగా మెచ్చుకోవడానికి అదీ ఒక కారణమేమో. ఈ రెండో సామెతను అలా తిరగేసిన కథ కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు కారణాలు చదివి వినిపించి, భర్త కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం, ఇలాంటివి. తెలంగాణలో 83.8 శాతం ఆడవాళ్లు కనీసం ఒక్కదానికైనా అవునన్నారు. భర్త చేతిలో హింస పడ్డామని చెప్పినవాళ్లు 36.9 శాతం. సబబే అనుకునే దెబ్బను హింస అని ఎంతమంది చెప్పి ఉంటారు? రెండో అంకెను నేను తక్కువ లెక్కగానే చదువుతాను.

విచిత్రంగా, సామెతను తిరగరాసింది చట్టం. 2005 గృహహింస చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బాధితురాలే రానక్కర్లేదు, తెలిసిన ఎవరైనా రక్షణాధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్తే వాళ్లమీద కేసు ఉండదు. అంటే తోడికోడలికి నవ్వడం కాక ఇంకో పని దొరికింది. 181కి ఫోన్ చేయొచ్చు. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు, లాయరు సాయం, ఐదు రోజుల దాకా ఆశ్రయం. ఆరో రోజు ఎక్కడికి అన్నది మాత్రం ఇంకా రాయని కథే.

మా చెల్పూర్‌కి అప్పటికి థర్మల్ ప్లాంట్ రాలేదు. గోడ అవతల ఇంట్లో మొదలవగానే అమ్మ టీవీ సౌండ్ పెంచేది. నిన్న ఫోన్లో అడిగా.

"మనకెందుకు బిడ్డా అనుకున్నం. పొద్దుగాల చాయ్ ఇచ్చొచ్చేదాన్ని. ఏం అడగకపోయేది."

"ఆమె ఏమన్నా చెప్పేదా?"

"బాయికాడ జారిపడ్డ అనేది. వాళ్లింట్ల బాయి లేకుండె."