గెలువని కుమారునికి తండ్రి లేడా?



సికిందరాబాదులో మా యింటికి వచ్చిన పండ్రెండేండ్ల బాలుడొకడు టెలివిజనులో "అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి" చూచి నన్నడిగెను: "అయ్యగారూ, పోటీలో ఓడిపోతే వాళ్ల నాన్న దగ్గరకు తీసేవాడా?" ఆ బాలుని తండ్రి పనికని పోయి యేండ్లు గడచినవి. కావున ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

2003లో పూరీ జగన్నాథ్ తీసిన యీ చిత్రములో చందు అను యువకుని తల్లియే పెంచినది. తండ్రి వారిని విడిచి చెన్నపట్టణములో వేరొక కాపురము చేసికొనెను. తల్లి మరణపడకమీద నుండి కుమారుని ఆ తండ్రియొద్దకే పొమ్మనును. రవితేజ, జయసుధ తల్లీకొడుకులుగా పరిహాసమాడుకొను ఘట్టములే చిత్రమునకు ప్రాణము. పేరులో సయితము అమ్మయే ముందు. 2004లో దీనిని తమిళములో మరల తీసినప్పుడు తల్లి పేరే చిత్రము పేరులో చేరెను. రెండింటను తండ్రి ప్రకాష్ రాజే.

అయితే కథ కడకు కిక్ బాక్సింగు బరిలో తేలును. కుమారుడు గెలుచును, జనులు చప్పట్లు కొట్టుదురు. తండ్రి పోగొట్టిన యేండ్లకు లెక్క చెప్పవలసినదెవరు? ఆ ప్రశ్న చప్పట్లలో మునిగిపోయినది. మా బాలుడు పట్టుకొన్నది దానినే.

ఇటువంటి తండ్రి కథనే న్యూజీలాండు దేశపు మావోరీ దర్శకుడు తైకా వైటీటీ 2010లో "బాయ్" అను పేర తీసి, తండ్రి వేషము తానే ధరించెను. 1984 నాటి పదునొకండేండ్ల పిల్లవాడు తన తండ్రి గొప్ప వీరుడని అందరితో చెప్పుకొనుచుండును. తండ్రి చెరసాలనుండి వచ్చును. పిల్లలకొరకు కాదు, పొలములో పాతిపెట్టిన డబ్బుకొరకు. మనము నవ్వుచునే యుందుము, ఆ నవ్వు మెల్లగా చేదగును. తల్లి చనిపోయిన గడియలో తండ్రి దగ్గర లేడని పిల్లవాడు గ్రహించును. కడపట తల్లి సమాధియొద్ద కూర్చున్న తండ్రి ప్రక్కకు కుమారులిద్దరును చేరుదురు. అక్కడ గెలుపు లేదు, చప్పట్లు లేవు. అతడెట్టివాడో తెలిసియే కూర్చుండిరి. పెద్దవాడగుట యనగా నిదియే. మన చిత్రము ఇంతవరకు రాలేదు.

నేను ఆ బాలునితో, "తీసేవాడో లేదో, నాయనా, తీయకపోతే లోపము నీది కాదు" అంటిని.

తండ్రులారా, మీ కుమారుడు గెలిచి వచ్చువరకు కనిపెట్టకుడి. వాడు ఓడి వచ్చిన దినమున మీరు ఇంట నుండుడి.