విరాటుని పరీక్ష, ఉత్తరుని ప్రశ్న: వైద్యుని ఎదుట స్త్రీవేషధారి

వ్యాససంగ్రహం: స్త్రీల దుస్తులు ధరించే పురుషుడు ఆ సంగతి వైద్యునికి చెప్పడాన్ని సాధారణంగా రోగి ధైర్యానికి సంబంధించిన విషయంగా చూస్తారు. అది అంతకన్నా ముందు, ఆ మాటను అందుకొనే భాషకు సంబంధించిన విషయమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు విరాటపర్వ కథను, 1329 ఫసలీ నాటి చట్టాన్ని, వైద్యవిద్య పాఠ్యప్రణాళికను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: క్రాస్‌డ్రెస్సింగ్, వేషం, వైద్యపరీక్ష, గోప్యత, విరాటపర్వం, చేవెళ్ల, మొయినాబాద్.

1. ప్రవేశిక

హైదరాబాదు నుంచి పడమరకు సాగే బీజాపూర్ రహదారి మీద, మర్రిచెట్ల వరుసల నడుమ మొయినాబాద్, చేవెళ్ల ఉన్నాయి. మొయినాబాద్ మండలం యెంకేపల్లిలో భాస్కర వైద్య కళాశాల, చేవెళ్లలో పట్నం మహేందర్‌రెడ్డి వైద్య విజ్ఞాన సంస్థ ఏర్పడిన తరువాత ఈ ప్రాంతం వైద్యం పొందే చోటే కాక, వైద్యం నేర్చుకొనే చోటు కూడా అయింది. పల్లె రోగి, రేపటి వైద్యుడు ఒకే ఓపీ గదిలో ఎదురుపడతారు. ఈ వ్యాసం ఆ సంస్థల పనితీరుపై తీర్పు కాదు. దేశమంతటా వైద్యవిద్యార్థులు చదివే పాఠంపై, అక్కడి రోగి మాట్లాడే తెలుగుపై విమర్శ.

ఇక్కడ క్రాస్‌డ్రెస్సర్ అంటే అప్పుడప్పుడో, అలవాటుగానో స్త్రీల దుస్తులు ధరించే పురుషుడు. అతడు ట్రాన్స్ మహిళ కానక్కరలేదు. స్వలింగ ప్రేమికుడు కానక్కరలేదు. పెళ్లయి, పిల్లలున్న గృహస్థు కావచ్చు. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం, పుట్టుకతో నిర్ణయించిన జెండర్‌తో తన జెండర్ పొసగని వ్యక్తిని నిర్వచించింది. తనను పురుషుడిగానే భావించుకొంటూ చీర కట్టుకొనే మనిషిని అది పేరెత్తి చెప్పలేదు. అతనికి సంఘం లేదు, గుర్తింపు పత్రం లేదు. అతని రహస్యానికి తాళం వేసిన బీరువా ఒక్కటే సాక్షి. స్త్రీ ప్యాంటు, చొక్కా వేసుకొంటే అది ఏ కేస్‌షీటులోకీ ఎక్కదు. చర్చంతా పురుషుని చీర చుట్టూనే ఎందుకు తిరుగుతుందో ఈ అసమానతే చెబుతుంది.

2. ఒంటిమీది బట్ట, ఒంట్లోని బాధ

దుస్తుల ప్రస్తావన వైద్యునికి ఎందుకు? చాలా సందర్భాల్లో అవసరమే లేదు. పంటి నొప్పికి, కంటి చూపుకు దానితో పని లేదు. కొన్నిచోట్ల మాత్రం అదే రోగనిర్ధారణకు తాళంచెవి. నడుమును గట్టిగా బిగించే దుస్తులు ఛాతీలో మంటను పెంచవచ్చు. తొడ బయటి భాగంలో తిమ్మిరి కలిగించవచ్చు. రోమాలు తొలగించుకొన్న చోట కుదుళ్లు వాచవచ్చు. సౌందర్య సాధనాలు చర్మానికి పడకపోవచ్చు. గోళ్లరంగు వేలికి తగిలించే ఆక్సిజన్ కొలత యంత్రాన్ని తప్పుదారి పట్టించవచ్చు. ఎవరి సలహా లేకుండా ఈస్ట్రోజెన్ మాత్రలు వాడితే రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. ఈ చివరి సంగతి దాచిపెట్టడం ప్రాణం మీదికి తేగలదు.

వెల్లడి రెండు విధాలు: రోగి చెప్పేది, వైద్యునికి కనబడేది. రహదారి ప్రమాదంలో స్పృహ తప్పిన మనిషి చొక్కాను అత్యవసర విభాగంలో కత్తిరించినప్పుడు, లోపలి దుస్తులు అతని అనుమతి లేకుండానే అతని కథ చెబుతాయి. అప్పుడు సిబ్బంది నవ్వు, గుసగుస, బయట నిలబడ్డ బావమరిదికి చేరే ఒక మాట చికిత్సలో భాగాలైపోతాయి. మళ్లీ ఆసుపత్రి గడప తొక్కాలా వద్దా అని అతడు నిర్ణయించుకొనేది ఆ క్షణాన్ని బట్టే.

3. విరాటపర్వంలో రెండు ఘట్టాలు

తెలుగు పాఠకునికి స్త్రీవేషం కొత్త కాదు. విరాటుని కొలువులో అర్జునుడు బృహన్నల. ఆ కథలో వెల్లడికి సంబంధించిన రెండు ఘట్టాలను విడదీసి చూడాలి.

మొదటిది పరీక్ష. ప్రచారంలో ఉన్న సంస్కృత పాఠం ప్రకారం, కూతురికి నాట్యం నేర్పడానికి వచ్చిన బృహన్నలను విరాటుడు స్త్రీల చేత పరీక్షింపజేసి, పుంస్త్వం లేదని రూఢి చేసుకొన్నాకే అంతఃపురానికి పంపుతాడు. ఆ పరీక్ష బృహన్నల మేలు కోసం జరగలేదు; కొలువు భద్రత కోసం జరిగింది. అక్కడ దేహం సాక్ష్యం మాత్రమే.

రెండవది ప్రశ్న. కౌరవసేనను చూసి బెదిరి పారిపోయిన ఉత్తరునికి జమ్మిచెట్టు దగ్గర బృహన్నల తానెవరో చెబుతాడు. ఉత్తరుడు వెంటనే నమ్మడు. అర్జునుని పది పేర్లూ, వాటి అర్థాలూ అడుగుతాడు. విని నమ్ముతాడు. ఇక్కడ చెప్పేవాడే సమయాన్ని ఎంచుకొన్నాడు. చెప్పవలసిన అవసరం ఇద్దరిదీ. వినేవాడు దేహాన్ని తడమలేదు, మాటను అడిగాడు. సందేహం ఉన్నా అవమానం లేదు.

వైద్యుని గదిలో ఈ రెండు ఘట్టాల్లో ఏది జరుగుతోందన్నదే అసలు ప్రశ్న.

4. చట్టం చేసిన వైద్యపరీక్ష

నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, నపుంసకుల నమోదుకు ఒక చట్టం వచ్చింది. నమోదైన వ్యక్తి స్త్రీల దుస్తుల్లో, నగలతో బహిరంగ స్థలంలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయడానికి అది వీలు కల్పించింది. నిర్వచనం మరింత గమనార్హం: తాను నపుంసకుడినని ఒప్పుకొన్న పురుషుడు గాని, వైద్యపరీక్షలో అలా తేలిన పురుషుడు గాని దాని పరిధిలోకి వస్తారు. అంటే ఆ చట్టభాషలో ‘ఒప్పుకోవడం’, ‘వైద్యపరీక్ష’ రెండూ నేరస్థుల పట్టీకి దారులే. విరాటుని పరీక్షకు ఇది శాసనరూపం. రాష్ట్రాలు మారినా ఈ చట్టం మిగిలింది. 2023 జూలైలో గాని తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయలేదు. ఒకనాడు నిజాం ఏలుబడిలో ఉన్న నేల మీద, వైద్యునికి చెప్పడానికి వెనకాడే మనిషిని పిరికివాడనడం చరిత్రను మరచిన మాట.

5. పాఠ్యప్రణాళిక చేసిన రోగం

చట్టం నేరమన్నదాన్ని పాఠం వికృతి అన్నది. 2019 నుంచి అమలైన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ట్రాన్స్‌వెస్టిజం ఫోరెన్సిక్ మెడిసిన్ కింద, ‘లైంగిక వికృతుల’ పట్టికలో, శవకాముకతతో ఒకే వరుసలో చేరింది. ఆ వరుసే ఒక వ్యాఖ్యానం. ఒంటరిగా చీర కట్టుకొన్న మనిషినీ, ఇతరుల దేహాలపై అతిక్రమణనూ అది ఒకే తూకంలో వేసింది. విద్యార్థి ఈ మాటను మొదట కలుసుకొనేది రోగి దగ్గర కాదు, నేరవైద్యం పుస్తకంలో.

అదే 2019 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన ఐసీడీ-11లో, పాత పదవ కూర్పులోని ట్రాన్స్‌వెస్టిజం నిర్ధారణలు లేవు. 2022 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. 2021లో మద్రాసు హైకోర్టు జోక్యం తరువాత జాతీయ వైద్య కమిషన్ పాఠ్యపుస్తకాల్లోని అవమానకర భావాలను సరిచేయాలని సూచించింది. అయినా 2024 ఆగస్టు చివర వెలువడిన మార్గదర్శకాల్లో పాత భావాలు కొన్ని తిరిగి కనిపించాయి. ఆక్షేపణల మీద కొద్దిరోజుల్లోనే వాటిని ఉపసంహరించారు. పాఠం మారడం ఒక ఉత్తర్వుతో ముగిసే పని కాదని దీనివల్ల తెలుస్తుంది.

6. తెలుగులో మాట ఎక్కడ?

రోగి ఏ మాటతో చెప్పాలి? ‘పేడి’, ‘ఆడంగి’, ‘కొజ్జా’ నేడు తిట్లు. ‘వేషం’ రంగస్థలం మీద గౌరవపదం. సత్యభామ వేషంతో వేదాంతం సత్యనారాయణశర్మ, స్త్రీపాత్రలతో స్థానం నరసింహారావు పద్మశ్రీలయ్యారు. కాని ఆ గౌరవం తెర దిగే వరకే. ఇంట్లో ‘వేషాలు వేయకు’ అంటే నటించవద్దు, మోసం చేయవద్దు అని అర్థం. కనుక సంప్రదాయంలో ఆదరణ ఉందని తృప్తిపడితే చాలదు. కళగా మెచ్చినదాన్నే అలవాటుగా వెక్కిరించే భాష మనది. వైద్యునికి కావలసింది కీర్తీ కాదు, తిట్టూ కాదు, నిరాడంబరమైన వాక్యం: “చికిత్స కోసం అడుగుతున్నాను. బిగుతు దుస్తులు గాని, మేకప్ గాని, హార్మోన్ మాత్రలు గాని ఏమైనా వాడతారా? మీరు చెప్పింది మీ ఇంటివాళ్లకు చెప్పను.” ఈ ప్రశ్నలో లింగం లేదు, తీర్పు లేదు. తోడుగా వచ్చిన భార్యనో, అన్ననో కాసేపు బయట కూర్చోమన్నాకే అది అడగదగినది.

7. ఉపసంహారం

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి, దుస్తుల గురించి చెప్పడం రోగి హక్కే గాని విధి కాదు. చికిత్సకు అవసరమైనంతే అడగాలి. రెండు, గోప్యత వైద్యుని దయ కాదు. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి దానిని బాధ్యతగా విధించింది. కనబడిన రహస్యానికీ చెప్పిన రహస్యానికీ ఆ రక్షణ సమానమే. మూడు, ట్రాన్స్‌వెస్టిజాన్ని నేరవైద్యపు పట్టికలో కాక, రోగితో సంభాషణ నేర్పే పాఠంలో చెప్పాలి. ఆ పాఠం తెలుగులో కూడా ఉండాలి. పది పేర్లు అడిగిన ఉత్తరుడు సమాధానం విన్నాక రథం నడిపాడు. వినడం వల్ల అతని పని ఆగలేదు, మొదలైంది.