కాల్చిన గొట్టం చెప్పే సంగతులు

మా బావ గ్యారేజీలో కారుకు చోటు లేదు. టెక్సాస్ ఎండకు కారు బయట మాడుతూ ఉంటుంది. లోపల చల్లగా ఒక బల్ల, బల్లకు బోల్టులు వేసి బిగించిన చేతి ప్రెస్సు, కంసాలి కొట్టులోంచి ఎత్తుకొచ్చినట్టున్న చిన్న త్రాసు, గోడకు వరసగా పనిముట్లు. రాయ్‌పూర్ నుంచి అంత దూరం వెళ్లి నేను చూసిన వింతల్లో ఇప్పటికీ మనసులో ఉన్నది ఆ బల్లే. మూడు సాయంత్రాలు పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మొదటి రోజే బావ ఒక షరతు పెట్టాడు: "ఏరా, నేను మందు తూచేటప్పుడు మాత్రం మాట్లాడకు. తర్వాత ఎంతసేపైనా మాట్లాడుకుందాం."

పగలు కంప్యూటర్ ఉద్యోగం, సాయంత్రం తూటాలు కట్టుకోవడం. మన దేశంలో ఇది ఇంట్లో చేసే పని కాదు. 1959 ఆయుధాల చట్టం కింద తూటాల తయారీకి లైసెన్సు కావాలి. అక్కడ మాత్రం ఊరగాయ పెట్టుకున్నంత మామూలుగా, ఇంకా చెప్పాలంటే అంతే మడిగా చేసుకుంటారు.

అతని తుపాకి వించెస్టర్ మోడల్ 1895. ట్రిగ్గరు చుట్టూ ఉన్న ఇనుప పిడిని కిందికి తోసి పైకి లాగితే పేలిన తూటా ఖాళీ గొట్టం బయటికి ఎగిరి, కొత్త తూటా లోపలికి వెళ్లే లివర్ రకం. రూపకర్త జాన్ బ్రౌనింగ్. అంతకు ముందు వచ్చిన వించెస్టర్ లివర్ తుపాకుల్లో తూటాలు తుపాకి గొట్టం కింద ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకునేవి. వెనక తూటా ముక్కు ముందు తూటా అడుగున ఉన్న టోపీకి ఆని ఉంటుంది కనక మొన తేలిన గుండు పెట్టడానికి వీల్లేదు. కుదుపుకు అదే సూదిలా పొడిచి పేలుస్తుంది. బ్రౌనింగ్ 1895లో ఆ గొట్టం తీసేసి కింద పెట్టె పెట్టాడు. తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాయి, ముక్కు ఎలా ఉన్నా బాధ లేదు. 1904లో ఈ తుపాకి కోసమే .405 అనే పెద్ద తూటా వచ్చింది. 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు వెంట తీసుకెళ్లిన తుపాకుల్లో ఇదొకటి.

మా బావకు రూజ్వెల్టుతో పనిలేదు. అతను దీన్ని కొన్నది కెన్నెత్ ఆండర్సన్ కోసం. 1910లో మన బొల్లారంలో పుట్టి, బెంగుళూరులో స్థిరపడి, 1974లో అక్కడే పోయిన ఆ వేటగాడు ఏళ్ల తరబడి చేతపట్టింది .405 వించెస్టరే. 1954లో వచ్చిన అతని మొదటి పుస్తకంలోనే అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ పులి కథ ఉంది. భాకరాపేట, నాగపట్ల, మామండూరు లాంటి మన ఊళ్ల పేర్లు ఇంగ్లీషు పుస్తకంలో చదివి ఉబ్బిపోయిన కుర్రాళ్లలో మేమిద్దరం ఉన్నాం. నేను అడవుల మీద ప్రేమతో ఆగిపోయాను. బావ తుపాకి దాకా వెళ్లాడు. అసలు కంపెనీ ఈ మోడల్‌ను ఏనాడో మానేసింది. అతని దగ్గరున్నది జపాన్‌లో మిరోకు కంపెనీ మళ్లీ చేసింది.

ఇక తూటా. అందులో నాలుగే వస్తువులు: ఇత్తడి గొట్టం, దాని అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే టోపీ, లోపల మందు, మూతి దగ్గర గుండు. కాల్చాక మిగిలి, మళ్లీ నింపుకునేది గొట్టం ఒక్కటే. ఈ గుండు బరువు 300 గ్రెయిన్లు. ఆ లెక్క మనకు కొత్తేం కాదు. ఈస్టిండియా కంపెనీ కాలం నాటి తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. అంటే గుండు ఒక తులం, దాని మీద మూడింట రెండు వంతులు. తులానికి 96 గురివింద గింజలు కనక ఒక గ్రెయిన్ సగం గింజ కంటే కాస్త ఎక్కువ. బావ త్రాసు గ్రెయిన్లో పదో వంతు దాకా చూపిస్తుంది. గురివింద గింజను పంతొమ్మిది ముక్కలు చేస్తే వాటిలో ఒకటన్నమాట. మా వీధిలో బంగారం తూచే ఆసామి ఇంత పట్టింపుగా ఉంటే మా ఆవిడ ఎంత సంతోషించేదో.

మందు తూచడమే ఈ విద్యలో గొప్పదని వెళ్లేదాకా అనుకున్నాను. కాదు. గొప్పదంతా అంతకు ముందే, ఖాళీ గొట్టం చేతిలోకి తీసుకున్నప్పుడే జరుగుతుంది. బావ కాల్చిన గొట్టాన్ని దీపం కింద తిప్పుతూ చదువుతాడు. టోపీ అంచులు గుండ్రంగా మిగిలాయా, బల్లపరుపుగా అణిగిపోయాయా? మసి మూతి దగ్గరే ఆగిందా, ఒంటి మీదికి పాకిందా? మసి కిందికి దిగితే గొట్టం తుపాకిలో తూటా కూర్చునే గది గోడకు సరిగా అతుక్కోలేదని, ఒత్తిడి చాలలేదని అర్థం. అన్నిటికంటే ముఖ్యంగా, అడుగు అంచుకు కొంచెం పైన మెరిసే గీత ఏదైనా ఉందా?

ఆ గీత సంగతి చెప్పాలంటే తుపాకి లోపం చెప్పాలి. తూటా వెనక మూసుకునే ఉక్కు కడ్డీని బోల్టు అంటారు. బోల్టు తుపాకుల్లో చాలావాటికి తాళం పడేది బోల్టు ముందు భాగంలో, తూటా పక్కనే. ఇందులో తాళపు దిమ్మ బోల్టు వెనక చివర లేస్తుంది. పేలిన క్షణంలో మధ్యలో ఉన్న ఉక్కంతా వెంట్రుకవాసి నొక్కుకుని మళ్లీ సాగుతుంది. ఉక్కుకు అదొక లెక్క కాదు. ఇత్తడి మాత్రం ఆ వెంట్రుకవాసి మేర సాగి అలాగే ఉండిపోతుంది. కాల్చిన ప్రతిసారీ గొట్టం పొడుగవుతుంది, అడుగు దగ్గర గోడ పలచబడుతుంది. ఒక రోజు అక్కడే రెండు ముక్కలవుతుంది. పై ముక్క లోపల ఇరుక్కుంటుంది. ఆ గీత దానికి ముందు వచ్చే హెచ్చరిక.

లివరుకున్న రెండో బలహీనత బలం లేకపోవడమే. బోల్టు తుపాకిలో పిడి తిప్పితే మరలాంటి తోపు కాస్త లావైన తూటాను కూడా లోపలికి నెడుతుంది. లివర్‌కు ఆ దన్ను లేదు. తూటా జారినట్టు వెళ్లాలి, లేకపోతే సగంలో ఆగిపోతుంది. అందుకే ఉబ్బిన ప్రతి గొట్టాన్నీ అడుగు దాకా డై అనే ఉక్కు అచ్చులోకి దించి పాత కొలతకు నొక్కుతాడు. దానికి ముందు ఒంటికి ఉన్ని కొవ్వు పూస్తాడు. తక్కువైతే గొట్టం డైలో ఇరుక్కుపోతుంది, ఎక్కువైతే కొవ్వే నొక్కి ఇత్తడికి సొట్ట పెడుతుంది. ఎంత పూయాలో ఏ పుస్తకమూ చెప్పలేదట. బొటనవేలూ చూపుడువేలూ తెలుసుకోవాలి. చపాతీ పిండి అంటకుండా చేతికి నూనె రాసుకునే వాళ్లకు ఆ కొలత తెలిసే ఉంటుంది.

తర్వాత పొడుగు కొలుస్తాడు. .405 గొట్టం పూర్తి పొడుగు 65.6 మిల్లీమీటర్లు. సాగిన వాటిని చిన్న లేతు లాంటి పనిముట్టుతో కత్తిరించి, మూతి అంచు లోపలా బయటా గీకుతాడు. అన్నీ ఒకే పొడుగు ఎందుకుండాలో చివరి పని చూస్తేనే అర్థమవుతుంది. ఆఖరున మూతిని గుండు నడుముకున్న గాడిలోకి మడుస్తారు. గొట్టం పొడుగైతే మడత ఎక్కువ పడి గొట్టం నలుగుతుంది, పొట్టిదైతే మడత పట్టదు. పట్టకపోతే? తుపాకి కింది పెట్టెలో నాలుగు తూటాలు ఉంటాయి. పైది పేలినప్పుడు తుపాకి వెనక్కి తంతుంది, కింద ఉన్న మూడూ పెట్టె ముందు గోడను గుద్దుకుంటాయి. మడత వదులైతే గుండు గొట్టంలోకి దిగబడుతుంది. గొట్టంలో చోటు తగ్గితే మందు ఒత్తిడి మారిపోతుంది. అంటే మొదటి తూటా పేలుస్తూనే మూడో తూటా భద్రత గురించి ఆలోచించాలి. ఈ ఒక్క మడత దగ్గరే బావ మీద నాకు అభిమానం పుట్టింది. యాభై తూటాలు బల్ల మీద నిలబెట్టి, కళ్లు బల్ల ఎత్తుకు దించి, మడతల గీత అన్నిటికీ ఒకే వరసలో ఉందా లేదా అని చూశాడు. రెండు తీసి పక్కన పెట్టాడు. నాకు ఆ రెండిటికీ మిగతావాటికీ తేడా ఏమీ కనిపించలేదు.

ఆ మడతకు ముందే మందు తూచే వంతు వచ్చింది. నేను నోరు మూసుకున్నాను. ఎంత పోశాడో నేను రాయను. ఒక తుపాకికి సరిపోయింది ఇంకోదానికి ప్రమాదం. అతను కూడా తయారీదారుల పుస్తకం పక్కన తెరిచి, అందులోని తక్కువ కొలత దగ్గర మొదలుపెట్టి, కాల్చిన గొట్టాలు చూసుకుంటూ తనకు తృప్తి కలిగిన చోట ఆగాడు. యాభై గొట్టాల్లో పోశాక టార్చి వేసి ఒక్కోదానిలోకి తొంగి చూశాడు. రెండుసార్లు పడ్డదీ, అసలు పడనిదీ కంటికి తెలిసిపోవాలి.

తుపాకి మందుకు ఎండ తెలుసు. వేడెక్కిన మందు త్వరగా మండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. బ్రిటిష్ తుపాకి కంపెనీలు కార్డయిట్ అనే పాత మందు వాడిన రోజుల్లో మన లాంటి దేశాలకు మందు తగ్గించి వేరే తూటాలు కట్టింది అందుకే. మే నెలలో మా రాయ్‌పూర్ ఎండ 45 డిగ్రీల దాకా పోతుందని చెబితే బావ నవ్వి, "మా ఊరు కూడా అంతే లేరా. తూటాల పెట్టె కారులో వదలను, అంతే" అన్నాడు.

మన వానాకాలం కథ ఇంకా విచిత్రం. సైన్యం నిల్వ ఉంచిన ఇత్తడి గొట్టాలు ఇండియాలో వానలు వచ్చినప్పుడు ఎవరూ ముట్టకుండానే మూతి దగ్గర పగిలిపోయేవి. ఋతువును బట్టి పగుళ్లు కనక దానికి 'సీజన్ క్రాకింగ్' అని పేరు పెట్టారు. మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు 1921లో కారణం తేల్చారు: నొక్కి మడిచిన ఇత్తడిలో బిగువు నిలిచి ఉంటుంది. తేమ, దాంతోపాటు గుర్రపుశాలల్లో మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తగిలితే అది పగులుతుంది. విరుగుడేమిటంటే మంట. మూతిని సన్నటి సెగకు చూపి ఆ బిగువు వదిలించడమే. ఈ పని మన కంచరివాళ్లకు ఏనాటి నుంచో తెలుసు. చెంబును సుత్తితో కొట్టీ కొట్టీ గట్టిపడ్డాక మళ్లీ కొలిమిలో పెట్టకపోతే చిట్లుతుందని వాళ్లకు ఎవరూ ప్రయోగశాలలో చెప్పలేదు. బావ కూడా నాలుగైదుసార్లు వాడిన గొట్టాలకు మూతి వరకే సెగ చూపిస్తాడు. అడుగు భాగం చల్లగా ఉండాలి, గట్టిగానే ఉండాలి. అది మెత్తబడితే ప్రాణం మీదికొస్తుంది. పసుపు ఇత్తడి మీద సెగ నీలి నీడలా పాకి ఆగిన గీతను చూపించాడు. వేలికి తెలిసేది కాదు, కంటికే.

అమెరికా నుంచి వచ్చాక రాయ్‌పూర్ గోల్‌బజార్‌లో ఇత్తడి సామాను కొట్ల ముందు ఆగడం అలవాటైంది. మా నాన్న రైల్వే వ్యాగన్ రిపేర్ షాపు ఉద్యోగానికి ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి చూస్తున్న బజారే. కొండగావ్ ఘడ్వా శిల్పుల ఇత్తడి బొమ్మలు కూడా ఇప్పుడు వేరేగా కనిపిస్తున్నాయి. వాళ్లు మైనపు తీగలు చుట్టి బొమ్మ చేసి, మీద మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. తర్వాత మట్టి అచ్చును పగలగొడతారు. అచ్చు పోయింది కనక రెండో బొమ్మ ఎప్పటికీ మొదటిదిలా ఉండదు, ఉండాలని ఎవరూ కోరుకోరు. బావ బల్ల మీద ఇత్తడి కథ తిరగబడింది. యాభైలో ఒకటి వేరేగా ఉంటే అది తప్పు. ఘడ్వా చెయ్యి ఎంత తేడా తెస్తే అంత మెచ్చుకుంటాం, ఇతని చెయ్యి ఎంత తేడా తీసేస్తే అంత. రెండు పనుల్లో ఏది కష్టమని నన్నడిగితే, తేడా తీసేయడమే అంటాను. బొమ్మల కళాకారులు కోప్పడతారేమో.

ఇదంతా చివరికి వేట కోసమే కదా అని అడిగేవాళ్లు ఉంటారు. మా రాష్ట్రంలో ఆ కథ ఎలా నడిచిందో చూస్తూనే ఉన్నాం. 1947లో ఇక్కడి కొరియా సంస్థానం మహారాజు మూడు చీతాలను కాల్చాడు. దేశంలోని సహజ చీతాల్లో ఆఖరివిగా అవే లెక్కకెక్కాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఇక్కడ తుపాకి అడవిలోకి వెళ్లే దారి మూసుకుంది. మూసుకోవాల్సిందే. ఆండర్సన్ కూడా తన పుస్తకాల్లో పులి కంటే అడవినే ఎక్కువ ప్రేమించినట్టు కనిపిస్తాడు. మా బావ టెక్సాస్‌లో అడవిపందుల మీద కాలుస్తాడు, అదీ ఏడాదికి ఒకటి రెండుసార్లు. మిగతాదంతా వంద గజాల దూరంలో కాగితం మీదే. కాగితానికి ఇంత శ్రద్ధ అవసరమా అంటే, తంబూరా శ్రుతి చేసుకునేవాడిని కచేరీ లేని రోజు అడిగినట్టు ఉంటుంది.

మూడో సాయంత్రం ఒక సన్నటి ఉక్కు తీగ తీశాడు. చివర కొక్కెంలా వంచి ఉంది. కాల్చిన గొట్టంలోకి దించి లోపలి గోడ వెంట అడుగు నుంచి పైకి గీకుతూ వచ్చాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నట్టు తల వంచాడు. నాకు ఇచ్చాడు. అడుగుకు కొంచెం పైన తీగ ఒక పల్లంలో పడి, ఆగి, మళ్లీ లేచింది. బయట ఇంకా ఏ గీతా లేదు.

"ఇదింక చాలు," అన్నాడు. పటకారుతో మూతిని నొక్కి చదును చేశాడు, పొరపాటున ఎవరూ మళ్లీ నింపకుండా. బల్ల కింద ఉన్న కాఫీ డబ్బాలో పడేశాడు. డబ్బాలో అలాంటివి ముప్పావు దాకా ఉన్నాయి. ఒక్కోదాన్ని ఎన్నిసార్లు కాల్చాడో మార్కరుతో అడుగున రాసిన అంకె ఉంది.