ఒక్క నాగా లేని నలభై ఏళ్లు

వారపత్రిక సీరియల్ కోసం రోజులు లెక్కపెట్టినవాళ్లకు జపాన్ కామిక్స్ చిత్రకారుడు ఒసాము అకిమోతో గొప్పతనం విడమరిచి చెప్పనక్కర్లేదు. టోక్యోలోని కమెయారి పేటలో చిన్న పోలీసు ఔట్‌పోస్టు, అందులో డబ్బు యావ, ఆటబొమ్మల పిచ్చి ఉన్న ర్యోత్సు అనే పోలీసు. సరుకు ఇంతే. 1976లో 'వీక్లీ షోనెన్ జంప్' పత్రికలో మొదలైన ఈ కామిక్స్ సీరియల్ 'కొచికామె' నలభై ఏళ్లు విరామం లేకుండా వచ్చింది.

వారం తిరిగేసరికి కొత్త కథ కావాలి. పెన్సిల్ గీతలు, వాటిపై సిరా, వెనక వీధులు, దుకాణాల బోర్డులు, అన్నీ గీయాలి. వీడియో గేములు, సెల్‌ఫోన్లు లాంటి కొత్త వస్తువు ఏది బజారుకొచ్చినా ర్యోత్సు చేతిలో పడేది. అందుకే ఆ సంపుటాలు జపాన్ నిత్యజీవితానికి దినచర్య పుస్తకాలు కూడా. నాకు మరీ నచ్చేది అకిమోతో పని పద్ధతి. రాత్రంతా మేలుకుని గీయడమే ఘనతగా చెలామణి అయ్యే రంగంలో ఆయన స్టూడియోను ఆఫీసులా వేళకు నడిపారు.

2016 సెప్టెంబరు 17న ఆఖరి కథ, 200వ సంపుటం ఒకేరోజు వెలువడ్డాయి. కమెయారి స్టేషను దగ్గర ఇప్పుడు ర్యోత్సు కంచు విగ్రహం నిలబడి ఉంది.