ముందు గీయండి, తర్వాత షార్ట్‌కట్

ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల్లో వర్గ సమాసాల పాఠంలో అసమీకరణాలు వస్తాయి. బీజగణిత పద్ధతి, గ్రాఫ్ పద్ధతి రెండూ ఇస్తారు. పిల్లలు మొదటిది నేర్చుకుని రెండోదాని పేజీ తిప్పేస్తారు. వాళ్లను అనడానికీ లేదు. ఈఏపీసెట్‌లో (పాత పేరు ఎంసెట్) 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. గ్రాఫు గీస్తూ కూర్చునే తీరిక ఎక్కడిది?

నాకు మాత్రం గీయందే తోచదు. ఎక్స్² > 4ఎక్స్ అని ఇచ్చి చూడండి. చురుకైనవాళ్లు కూడా రెండు వైపులా ఎక్స్ కొట్టేసి, ఎక్స్ > 4 అని రాసి పెన్ను కింద పెడతారు. ఎక్స్ రుణసంఖ్య అయితే గుర్తు తిరగబడుతుందన్న మాట ఆ తొందరలో తట్టదు. అక్కడితో సగం జవాబు గల్లంతు! ఎక్స్² − 4ఎక్స్‌కు పరావలయం గీస్తే అది 0 దగ్గరా 4 దగ్గరా అక్షాన్ని దాటుతుంది. మధ్యలో కిందికి దిగుతుంది, అటూ ఇటూ పైనే ఉంటుంది. 0కి ఎడమవైపున్నవన్నీ జవాబులోవేనని ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎక్స్² + ఎక్స్ + 1 > 0 ఇంకో తమాషా. విచక్షణి −3, వాస్తవ మూలాల్లేవు. మూలాలే లేనప్పుడు సాధన ఎక్కడిదని కొట్టేసేవాళ్లున్నారు. గీస్తే వంపు మొత్తం అక్షానికి పైనే. అంటే ప్రతి వాస్తవ సంఖ్యా సాధనే.

వై కూడా వచ్చి చేరితే గీయక తప్పదు. వై > ఎక్స్² − 4ఎక్స్ + 3 తీసుకోండి. శీర్షం (2, −1). సమానం గుర్తు లేదు కాబట్టి వంపును చుక్కల గీతగా గీయాలి, ఉంటే నిండు గీత. మరి రంగు ఏ వైపు? మూలబిందువునే అడగండి. 0 > 3 అవుతుందా? కాదు. అయితే మూలబిందువు లేని వైపు, గిన్నెలాంటి ఆ వంపు లోపల. (వంపు మూలబిందువు గుండానే పోతే మరో బిందువును పట్టుకోవాలి.) నాకు బాగా నచ్చేది ఈ అడగడమే. ఒక్క బిందువు సాక్ష్యంతో ఆ వైపు మొత్తం సంగతి తేలిపోతుంది.

లెక్చరర్లకు ఒక మనవి. షార్ట్‌కట్ చెప్పండి, పరీక్షకు అది కావాలి. దానికి ముందు ఒక్క పీరియడు కేటాయించి, బోర్డు మీద వంపు గీసి, ఏ వైపు సుద్ద పూయాలో పిల్లల చేతే తేల్పించండి.