రెండవ భాష పీఠము: ‘డోరా’ తెలుగు రూపముపై ఒక పరిశీలన

బాలవాఙ్మయమనగానే మనకు స్ఫురించునవి లాలిపాటలు, ఉగ్గుపాటలు, పొడుపుకథలు, అవ్వలు చెప్పు కథలు. అచ్చుయంత్రము వచ్చిన పిదప బాలల పత్రికలును ఈ పంక్తిలో చేరినవి. ఇరువదియొకటవ శతాబ్దమున పుట్టిన తెలుగు బిడ్డ బడిలో అడుగిడుటకు మునుపే మరియొక నోట కథ వినుచున్నాడు. ఆ నోరు టెలివిజను. అది పలుకు తెలుగు ఎట్టిది? బిడ్డను అది ఎట్లు పలుకరించుచున్నది? బదులాడుటకు బిడ్డకు ఎంత తావిచ్చుచున్నది? ఇవి మనస్తత్త్వశాస్త్రజ్ఞులకు మాత్రమే చెందిన ప్రశ్నలని భాషాసాహిత్య పరిశోధకులు తొలగిపోవుట మాకు సమ్మతము కాదు. బొమ్మల కార్యక్రమమైనను అది మాటలతో కట్టిన కృతియే. కృతియైనప్పుడు విమర్శకు లోబడవలసినదే.

మేమిచట గ్రహించినది ‘డోరా ది ఎక్స్‌ప్లోరర్’ అను అమెరికా ధారావాహిక. క్రిస్ గిఫర్డ్, వాలరీ వాల్ష్, ఎరిక్ వైనర్ అను మువ్వురు దీనిని కల్పించిరి. 2000 ఆగస్టు 14న నికెలోడియన్ ఛానలులో ఆరంభమై, నడుమ విరామములతో 2019 వరకు సాగినది. తమిళమున ఇది చుట్టి టీవీ ద్వారా ప్రసిద్ధమైనది. తెలుగునకు సన్ నెట్‌వర్కువారు 2009లో నెలకొల్పిన ఖుషీ టీవీ ద్వారా వచ్చినది. తెలుగు ఇండ్లలో దీని పేరు ‘డోరా బుజ్జి’ అని స్థిరపడినది. మూలమున డోరా వెంట తిరుగు కోతిపిల్ల పేరు బూట్స్. ఎఱ్ఱని బూట్లు తొడుగుకొనును గనుక ఆ పేరు. తెలుగున అది బుజ్జియైనది. అర్థము పోయినది, కాని తొలి అక్షరపు ధ్వని నిలిచి, దానిపై ముద్దు వచ్చి చేరినది. ఈ డబ్బింగు మొత్తమున ఇంత చక్కని అనువాదము మరియొకటి లేదని మా అభిప్రాయము.

కథాసంవిధానము అతి సరళము. ఏడేండ్ల బాలిక ఒకచోటికి పోవలెను. దారి తెలియదు. పటము ఒక పాత్రయై వచ్చి మూడు మజిలీలు చెప్పును. అవి ఒకటికి నాలుగు మారులు వల్లింపబడును. సంచి మరియొక పాత్ర. కావలసిన వస్తువు అందులోనుండియే రావలెను. స్వైపరు అను నక్క వస్తువులను అపహరింప వచ్చును. మూడు మారులు వారించినచో వెనుదిరుగును. గమ్యము చేరిన పిదప విజయగీతము. పెద్దవారికి విసుగు పుట్టించు ఈ పునరుక్తి మౌఖిక కథాశిల్పమును ఎరిగినవారికి క్రొత్తది కాదు. మన రాజకుమారుల చేపల కథను తలంచుకొనుడు. చేప ఏల ఎండలేదన్న ప్రశ్న గడ్డిమోపు నుండి ఆవునకు, ఆవు నుండి గొల్లవానికి, తుదకు చీమ వఱకు పోవును. ఆ గొలుసులో తరువాతి కొలికి ఏదో బిడ్డకు ముందే తెలిసియుండును. తెలిసినదానిని తాను చెప్పుటయే వాని ఆనందము. డోరా పటమును ఆ ఆనందముపైననే నిలిచియున్నది.

ఈ ధారావాహికకు ప్రాణము మౌనము. డోరా బిడ్డవైపు తిరిగి ప్రశ్న యడుగును; పిమ్మట కొన్ని క్షణములు ఏమియు మాటలాడక తెరనుండి చూచుచుండును. ఆ ఖాళీ బిడ్డ మాటకై విడిచిన చోటు. 1996లో వచ్చిన ‘బ్లూస్ క్లూస్’ ఈ మార్గమును పరచినది. డోరా దానిని నడచి విశాలము చేసినది. లైన్‌బార్గర్, వాకర్ అను పరిశోధకులు 2005లో ప్రకటించిన అధ్యయనమున, ఈ రెండు కార్యక్రమములను చూచిన శిశువులకు ముప్పది మాసముల వయసున పదసంపదయు, మాటలాడు నేర్పును అధికముగా నుండినట్లును, ‘టెలిటబ్బీస్’ చూచినవారికి తక్కువగా నుండినట్లును తేలినది. కావున మౌనము శిల్పాలంకారము మాత్రమే కాదు. అది పనిచేయు సాధనము.

అయినను మన సంప్రదాయమున దీనికి సాటియగు ‘ఊఁ’ కొట్టుటతో పోల్చినపుడు ఒక లోపము బయటపడును. అవ్వ కథ చెప్పుచుండగా బిడ్డ ఊఁ కొట్టవలెను. ఊఁ ఆగినచో కథ ఆగును. బిడ్డ నిద్రించెనో, అలిగెనో, అర్థము కాలేదో అని అవ్వ తెలిసికొనును. కథ నడుపు పగ్గము ఒక కొస బిడ్డ చేతనే యుండును. డోరా ముందు బిడ్డ బదులు పలికినను మెప్పు, పలుకకున్నను మెప్పు, తప్పు పలికినను మెప్పే. ఆమె అడుగును గాని వినదు. యంత్రమునకు చెవి లేకుండుట రచయితల దోషము కాదని యెవరైన అనవచ్చును. నిజమే. అందువలననే ఆ మౌనమున బిడ్డ ఏ భాష పలుకవలెనని కృతి కోరుచున్నదో ఆ విషయమును మరింత నిశితముగా చూడవలసియున్నది. వినిపించుకొనువారు లేనిచోట, కోరిన భాషయొక్కటే బిడ్డకు మిగులును.

మూలమున డోరా లాటిను కుటుంబపు బాలిక. కథ ఆంగ్లమున నడచును. అచ్చటచ్చట స్పానిషు మాటలు వచ్చును. అంకెలు, రంగులు మాత్రమే గాదు. ఎక్కుము, దుముకుము, తెరువుము అను క్రియలును స్పానిషులోనే యుండును. తలుపు తెరుచుకొనవలెనన్న ‘ఆబ్రె’ అని పలుకవలెను. ఇది పదజాల పాఠమువలె కనిపించును గాని దీని అంతరార్థము వేరు. అమెరికాలో స్పానిషు అనేకుల ఇంటిభాష. బడిలోను కచేరీలోను ఆంగ్లమునకు దిగువ నిలిచినది. చరిత్రాచార్యుడు కార్లోస్ కోర్టెస్ ఈ ధారావాహికకు సాంస్కృతిక సలహాదారు. ఇంటిలో గుసగుసగా నుండు భాష తెరపై తలుపులు తెరచు మంత్రమైనది. ఆంగ్లము మాత్రమే తెలిసిన బిడ్డ ఆ భాషను అడిగి నేర్చుకొనవలసివచ్చినది. స్పానిషు బిడ్డకు ఆ క్షణమున తన ఇంటిమాట తెలియుట లోటుగాక కలిమియైనది. డోరా అందించిన విద్యలో సారాంశము ఇదియేయని మా తలంపు. తక్కినది అంకెలు లెక్కించుట.

తెలుగు రూపమున కథ తెలుగున నడచుచున్నది. స్పానిషు కూర్చున్న పీఠముపై ఆంగ్లము కూర్చున్నది.

ఈ మార్పు తెలుగువారు మాత్రమే చేసినది కాదు. అనేక దేశముల డబ్బింగులలో ఇట్లే జరిగినది. తెలుగు బిడ్డకు స్పానిషు ఏల అను ప్రశ్న సహజమే. వ్యాపారదృష్టితో చూచినచో ఆంగ్లము తప్ప వేరు జవాబు తోచదు. కాని రెండవ భాష స్థానము ఖాళీగడి కాదు, ఏ భాషనైన అందులో వేయుటకు. అది దిగువ నున్నదానిని పైకెత్తుటకు కట్టిన పీఠము. అచట ఇదివరకే సింహాసనముపై నున్న భాషను కూర్చుండబెట్టినచో కృతి అర్థము తలక్రిందులగును. మూలము ‘నీ ఇంటిమాట తలుపు తెరువగలదు’ అని చెప్పినది. ఇచ్చటి రూపము ‘తలుపు తెరుచునది నీ ఇంటిమాట కాదు’ అని చెప్పుచున్నది. బొమ్మలు అవే, పాటల వరుసలు అవే, నక్కయు అదే.

ఇక మొదటి భాష సంగతి. డోరా పలుకు తెలుగు ఏ ఊరిదో చెప్పుట కష్టము. అది స్టూడియో తెలుగు: వ్యాకరణమునకు లోపము లేదు, నేల వాసన లేదు. దీనిని కలింగాంధ్ర బిడ్డ చెవితో వినవలెను. శ్రీకాకుళము ప్రాంతమున ‘ఏమిటి’ అనునది ‘ఏటి’, ‘నేను’ అనునది ‘నాను’, పిల్లలు ‘గుంటలు’, అక్క ‘అప్ప’. గురజాడ మొదలు కాళీపట్నము రామారావు వఱకు ఈ సీమ రచయితలు ఈ పలుకుబడికి సాహిత్యగౌరవము కల్పించిరి; ఆ గౌరవము నాలుగేండ్ల బిడ్డకు అందలేదు. డోరా అడిగిన దానికి ‘ఏటి’ అని బదులు పలుకు బిడ్డ, తెరపై తనవంటి గొంతు ఒక్కటియు వినడు. మొదటి భాషయు తనది కాదు, రెండవదియు తనది కాదు. మౌనము మాత్రము తనకై విడిచిరి.

ఆ సీమలోని శ్రీకూర్మమునే తీసికొందము. గార మండలములో సముద్రమునకు చేరువనున్న ఈ గ్రామమున కూర్మనాథుని ఆలయము కలదు. కూర్మావతారమునకు ఇంత ప్రసిద్ధమైన ఆలయము మరియొకచోట కనబడదు. స్తంభములపై తెలుగు, సంస్కృత శాసనములు. వానిలో 1281 నాటి నరహరితీర్థుల శాసనము చరిత్రకారులకు సుపరిచితము. ప్రదక్షిణ మండపపు గోడలపై వర్ణచిత్రములు. ఆలయ ఆవరణమున సజీవముగా నక్షత్ర తాబేళ్ళు. చిత్రము, కథ, ప్రాణి, పేరు ఈ నాలుగును ఒక్కచోట కూడిన ఇట్టి బాలపాఠశాల వేరొకటి దొరకుట అరుదు. పెద్దలు చేయిపట్టి గోడవెంట నడపించుచు ‘ఇదేటి?’ అని యడిగినచో బిడ్డ చెప్పు బదులు ‘తాబేలు’. ఊరిపేరు కూర్మము. దేవుడును కూర్మమే. ఒకే ప్రాణికి దేశ్యమొకటి, తత్సమమొకటి. ఒకటి ఆటలోనిది, ఒకటి అర్చనలోనిది. రెండు మాటలను రెండు సందర్భములలో వాడుట ఆ ఊరి బిడ్డ అప్రయత్నముగా నేర్చుకొనును. ద్విభాషాశిక్షణమునకు పునాది ఇదియే: ఒక వస్తువునకు రెండు పేర్లుండవచ్చును, రెండును నిజములే అను ఎరుక. డబ్బింగు రచయిత తెలుగులోని ఈ జంటసంపదను గమనించియుండినచో రెండవ మాటకై తెలుగు వెలుపలికి పోవలసిన అవసరమే కొన్నిచోట్ల కలిగియుండదు. ఇప్పటి స్థితిలో బిడ్డ నేర్చునది మూడవ పేరు, ‘టార్టాయిస్’. అది వచ్చుట తప్పు కాదు. మొదటి రెండింటిని మరపించి వచ్చుటయే కష్టము.

ఆంగ్లము లేక నేడు బ్రతుకు లేదని శ్రీకూర్మపు తల్లిదండ్రులు అనుకొనుటలో అన్యాయమేమియు లేదు. విశాఖపట్టణమునకో హైదరాబాదునకో వలసపోవు కుటుంబములకు ఆ భాష కూలి రెట్టింపు చేయు సాధనముగా కనబడును. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలల తొలి తరగతులలో ఆంగ్లమాధ్యమమును విధించుచు ఉత్తర్వు వెలువరించినప్పుడు దానిని కోరినవారు పేదవారిలోను పలువురుండిరి. 2020 ఏప్రిలులో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినది. ఆ వివాదమున పక్షము వహించుట ఈ వ్యాసమున మా పని కాదు. ఆంగ్లము నేర్పుటకు వేయి దారులున్నవి. ఇంటిభాషను పైకెత్తుటకు కట్టిన ఒక్క దారిని కూడ దానికే ఇచ్చివేయుట విచారకరమని మాత్రము చెప్పవలసియున్నది.

మన నేలపై చేసిన యత్నములు లేకపోలేదు. హైదరాబాదులో రాజీవ్ చిలకా నెలకొల్పిన గ్రీన్ గోల్డ్ సంస్థ ‘ఛోటా భీమ్’ను సృష్టించినది, 2008లో అది పోగో ఛానలులో ఆరంభమైనది. తెలుగు నగరమున పుట్టియు అది ఏ తెలుగు ఊరికథయు కాదు. దానిలో బలము లడ్డూలది, ప్రశ్నోత్తరములది కాదు. 2021లో వచ్చిన ఈటీవీ బాలభారత్ పెక్కు భారతీయ భాషలలో ఒకేసారి ఆరంభమైనది. పెక్కు భాషలలో ఒకే బొమ్మను నడుపుట వ్యయమునకు మేలు; ఏ సీమ పలుకుబడికిని అందు చోటు చిక్కుట కష్టము.

ఈ విషయమున మార్గదర్శి అదే జిల్లాలో పుట్టియుండెను. గిడుగు వేంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించెను. ఆయనను మనము వ్యావహారికభాషావాదిగా స్మరించుచు ఆగస్టు 29న తెలుగు భాషాదినోత్సవము జరుపుకొందుము. ఆయన చేసిన మరియొక పని ఈ సందర్భమున ఇంకను ముఖ్యమైనది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండగా ఆయన సవరల భాష నేర్చెను. సవర బిడ్డలకు సవరలోనే చదువు చెప్పవలెనని వాచకములు రచించి బడులు పెట్టించెను. 1931లో ఆయన సవర వ్యాకరణము, 1938లో సవర-ఆంగ్ల నిఘంటువు వెలువడినవి. గ్రాంథికము తెలుగు బిడ్డకు ఎట్లు పరాయిదో, తెలుగు సవర బిడ్డకు అట్లే పరాయిదని గ్రహించుటలో ఆయన వాదము పరిపూర్ణమైనది. తన భాషకు న్యాయము కోరువారు పలువురు; తన భాష క్రింద అణగిన భాషకు న్యాయము చేసినవారు అరుదు.

ఈ దృష్టితో చూచినచో మన ఫిర్యాదు మనకే తిరిగి తగులును. సీతంపేట కొండలలోని సవర బిడ్డకు తెలుగు డోరా పలుకు రెండు భాషలును పరభాషలే. ఈ శతాబ్ది తొలి దశకమున సవర మొదలగు గిరిజనభాషలలో తొలి తరగతులకు వాచకములు సిద్ధమైనవి. ఆ పనిలో గిడుగు మార్గము కనబడును. పుస్తకమునకు దొరకిన చోటు తెరపై దొరకలేదు. మూలమున టీకో అను ఉడుత ఉన్నది. అది ప్రధానముగా స్పానిషులోనే మాటలాడును; దానితో చెలిమి చేయవలెనన్న డోరాయే దాని భాషలోనికి పోవును. తెలుగున అట్టి ధారావాహికను మొదటినుండి రచించువారికి ఆ ఉడుత పాత్ర సిద్ధముగా నున్నది. అది వంశధార అవతలి కొండలనుండి దిగివచ్చి సవరలో మాత్రమే పలుకవలెను. ప్రశ్నయడుగు బాలిక శ్రీకూర్మపు గుంటయై ‘ఏటి’ అని నోరారా అనవలెను. ఇంటిలో చూచుచున్న తెలుగు బిడ్డ ఆ సవరమాట నేర్చి పలికినగాని తెరపై తలుపు తెరుచుకొనరాదు.